పాత ప్రోగ్రాముకు కొత్త సర్వర్ కట్టే ముందు ఏ పొర పాతదో తేల్చుకోండి

పాఠకుడి ఉత్తరం

పరీక్షల ల్యాబులో కంప్యూటర్ల పనంతా ఒక్కరే చూసుకుంటున్న పాఠకుడు, పేరు వద్దంటూ రాసిన పెద్ద ఉత్తరం ఇది. శాంపిళ్ల కొలతలు తీసుకుని, లెక్కలు కట్టి, రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి వాళ్ల దగ్గర పదేళ్లకు పైగా నడుస్తోంది. రాసిచ్చిన కంపెనీ మూతపడింది. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. అది 32-బిట్ ప్రోగ్రాం. 64-బిట్ సెంటోస్ 6 (పాత లైనక్స్ ఓఎస్) మెషిన్ మీద మైఎస్‌క్యూఎల్ 5.1 డేటాబేసుతో నడుస్తోంది. లైసెన్సు ఆ మెషిన్ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసుకు, అంటే కార్డు గుర్తింపు సంఖ్యకు, ముడిపడి ఉంది. కొలతలు పంపే పరికరం ఒకటి సీరియల్ కేబుల్‌తో నేరుగా దానికే తగిలించి ఉంది. రిపోర్టులను మిగతావాళ్లు బ్రౌజర్‌లో చూసుకుంటారు. ఇప్పుడు ఆ మెషిన్ డిస్కులో రీఅలొకేటెడ్ సెక్టర్ల (పాడై పక్కన పెట్టిన ముక్కల) లెక్క వారం వారం పెరుగుతోంది.

మూడు నెలల్లో మార్చేయమన్నారు. ఈయన కొత్త మెషిన్ తెప్పించి, కొత్త లైనక్స్ ఓఎస్ ఆల్మాలైనక్స్ 9 వేసి, ప్రోగ్రాం ఫోల్డరు కాపీ చేశారు. నడపబోతే అలాంటి ఫైలు లేదంది. ఫైలేమో కళ్లెదుటే ఉంది. పాత సీ లైబ్రరీ కావాలేమో అనుకుని, పాత మెషిన్‌లోని లిబ్‌సీ ఫైలు తెచ్చి కొత్తదాని మీద పెట్టారు. ఆ నిమిషం నుంచి ఎల్‌ఎస్, సీపీ సహా ఏ ఆదేశమూ పనిచేయలేదు. సర్వర్ మళ్లీ మొదటినుంచి వేసుకున్నారు. రెండోసారి ఎవరో చెప్పగా 32-బిట్ ప్యాకేజీలు వేస్తే ఇంకో అడుగు ముందుకు వెళ్లి, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10 దొరకలేదంది. ఉన్న కొత్త లైబ్రరీకే ఆ పేరుతో లింకు పెట్టారు. ప్రోగ్రాం మొదలైంది కానీ, ఎస్‌ఎస్‌ఎల్_లైబ్రరీ_ఇనిట్ అనే సింబల్ (ఫంక్షన్ పేరు) లేదంటూ ఆగిపోయింది.

ఒక సహోద్యోగి డాకర్‌లో, అంటే ప్రోగ్రాంను దాని లైబ్రరీలతో సహా ఒక కంటెయినర్‌లో కట్టి నడిపే సాధనంలో, పెట్టేయమంటున్నారు. ఇంకొకరు కొత్త మెషిన్ మీద నేరుగా సెంటోస్ 6 వేయమంటున్నారు. నెట్‌వర్క్ చూసేవాళ్లు పాత ఓఎస్‌ను లోపలికి రానివ్వబోమన్నారు. "రెండుసార్లు సర్వర్ పాడుచేశాను. నా మాట మీద ఎవరికీ నమ్మకం లేదు. అసలు నేను ఏం కట్టాలి?" అని అడిగారు.

సమాధానం

అన్నింటికంటే ముందు ఆ డిస్కు సంగతి చూడండి. ఏ సర్వర్ కట్టాలన్నది వచ్చే వారం ఆలోచించుకోవచ్చు, పోయిన డిస్కును మాత్రం వచ్చే వారం కాపీ చేయలేరు. ఈ రాత్రి పని ఆగాక మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో మొత్తం డేటాబేసును వేరే మెషిన్ మీదకు తీసుకోండి. ఆ తర్వాత పాత మెషిన్‌ను లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, గ్నూ డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని దానికంటే పెద్ద డిస్కు మీద ఇమేజ్ ఫైలుగా దించండి. మామూలు డీడీ వద్దు. అది చదవలేని సెక్టర్ తగిలితే అక్కడే ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ముందు బాగున్న భాగాలన్నీ తీసుకుని, చెడ్డ చోట్లకు తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైలు తప్పకుండా ఇవ్వండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటినుంచే మొదలవుతుంది. లైవ్ యూఎస్‌బీ ఎందుకంటే, నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను కింద నుంచి కాపీ చేస్తే సగం పాతవీ సగం కొత్తవీ వస్తాయి. ఇమేజ్ అయ్యాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) రాసి పెట్టుకుని, ఇంకో కాపీ వేరే చోట ఉంచండి. ఇక్కడినుంచి ఏ ప్రయోగమైనా ఆ ఇమేజ్ కాపీ మీదే చేయండి.

ఇప్పుడు మీకు ఎదురైన మూడు దెబ్బల గురించి. ఈ మూడూ అర్థమైతే ఏం కట్టాలో దాదాపు తేలిపోతుంది.

మొదటిది, కళ్లెదుట ఉన్న ఫైలును లేదనడం. లైనక్స్ లేదన్నది మీ ప్రోగ్రాంను కాదు, ఆ ప్రోగ్రాంను మెమరీలోకి ఎక్కించాల్సిన లోడర్‌ను. ప్రతి డైనమిక్ బైనరీ, అంటే నడిచేటప్పుడు బయటి లైబ్రరీలు తెచ్చుకునే ప్రోగ్రాం ఫైలు, తన లోడర్ ఎక్కడుందో తనలోనే రాసుకుని వస్తుంది. 32-బిట్ వాటికి అది లిబ్ డైరెక్టరీలోని ఎల్‌డీ-లైనక్స్.ఎస్‌ఓ.2. 64-బిట్ ఆల్మాలైనక్స్‌లో మామూలుగా అది ఉండదు. ఐ686 (అంటే 32-బిట్) జీలిబ్‌సీ ప్యాకేజీ వేస్తే వస్తుంది, మీకు రెండోసారి జరిగింది అదే. ఫైల్ అనే ఆదేశం ఇస్తే బైనరీ 32 బిట్లా 64 బిట్లా, ఏ లోడర్‌ను అడుగుతోందో ఒక్క వరుసలో చెప్పేస్తుంది. పాత లైసెన్స్ మేనేజర్ల దగ్గర కూడా ఇదే తంతు. అవి ఎల్‌డీ-ఎల్‌ఎస్‌బీ అనే లోడర్ పేరును అడుగుతాయి, ఆ పేరు లేక అదే సందేశం ఇస్తాయి. అసలు లోడర్‌కు ఆ పేరుతో లింకు పెడితే చాలు.

రెండోది, లిబ్‌సీ మార్చడం. మీకు అసలు ఆ ఫైలుతో పనే లేదు. లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ వెనక్కి చూసుకుంటూ నడిచేది. ప్రతి ఫంక్షన్‌కూ వెర్షన్ ముద్ర వేసి, పాత ముద్రలను కూడా తనలో దాచుకుంటుంది. సెంటోస్ 6లో ఉన్నది జీలిబ్‌సీ 2.12, ఆల్మాలైనక్స్ 9లో ఉన్నది 2.34. 2.12 మీద కట్టిన ప్రోగ్రాంకు 2.34లో ఆ పాత ముద్రలు దొరుకుతాయి. తిరగేస్తే కుదరదు. 2.34 కోసం కట్టిన ఎల్‌ఎస్, సీపీ, బాష్ అన్నీ 2.12లో తమ ముద్రలు వెతుక్కుని దొరక్క పడిపోయాయి. పాతది కొత్తదాని మీద బతుకుతుంది, కొత్తది పాతదాని మీద బతకదు. సిస్టం లిబ్‌సీని ఎప్పుడూ ముట్టుకోకండి.

మూడోది, లింకు పెట్టడం. ఎస్‌ఓ (లైబ్రరీ ఫైలు) పేరు చివరన ఉన్న అంకె అలంకారానికి పెట్టింది కాదు. లోపలి అమరిక మారి పాత ప్రోగ్రాములతో పొసగనప్పుడే లైబ్రరీ రాసేవాళ్లు ఆ అంకె మారుస్తారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0 వరుసలో ఫంక్షన్‌గా ఉన్న ఎస్‌ఎస్‌ఎల్_లైబ్రరీ_ఇనిట్, 1.1.0 నుంచి హెడర్‌లో మాక్రోగా మిగిలింది. కొత్త లైబ్రరీలో ఆ పేరే లేదు. నిజానికి అలా ఆగిపోవడం మీ అదృష్టం. ఫంక్షన్ పేరు అదే ఉండి లోపల స్ట్రక్చర్ కొలతలు మారి ఉంటే, ప్రోగ్రాం నోరు మూసుకుని నడుస్తూ తప్పు విలువలు చదివేది. రిపోర్టులిచ్చే ల్యాబుకు కూలిపోయే ప్రోగ్రాం కంటే అది ప్రమాదం.

దీన్నిబట్టి మీరు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ ప్రోగ్రాంకు ఏ పొర పాతది కావాలి? లైబ్రరీలు మాత్రమేనా, మొత్తం యూజర్‌ల్యాండా (కెర్నల్ పైన ఉండే ఓఎస్ ప్రోగ్రాములూ ఫైళ్లూ అన్నీ), కెర్నలా (హార్డ్‌వేరుతో మాట్లాడే ఓఎస్ గుండె), లేక హార్డ్‌వేరా? ఎంత లోతు పొర పాతది కావాలో అంత బరువైన ఏర్పాటు కట్టాలి, అంతకు మించి అవసరం లేదు. ఇది తెలుసుకోవడానికి సగం రోజు చాలు. రీడ్‌ఎల్ఫ్ మైనస్-డీ ఇస్తే నీడెడ్ అన్న వరుసల్లో కావలసిన లైబ్రరీల పేర్లు వస్తాయి. వాటిలో ఒక్కోదాని మీదా మళ్లీ అదే ఆదేశం ఇవ్వండి. సెంటోస్ 6 లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒక్కదాన్నే తెస్తే సరిపోదని అప్పుడు తెలుస్తుంది, అది తన వంతుగా కెర్బరోస్ లైబ్రరీలను అడుగుతుంది. తర్వాత పాత మెషిన్ మీదే ఎస్‌ట్రేస్‌కు (ప్రోగ్రాం కెర్నల్‌ను ఏమేం అడుగుతోందో రాసే ఆదేశం) మైనస్-ఎఫ్ ఇచ్చి ఒక పూర్తి రోజు పనిని రికార్డు చేయండి. లాగిన్, కొలత తీసుకోవడం, రిపోర్టు తీయడం, నెలాఖరు పని, అన్నీ. నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తెచ్చుకునే లైబ్రరీలు రీడ్‌ఎల్ఫ్‌లో కనిపించవు, ఇక్కడే బయటపడతాయి. ప్రోగ్రాం చాటుగా పిలిచే ఘోస్ట్‌స్క్రిప్ట్, సెండ్‌మెయిల్ వంటివీ, గట్టిగా రాసిపెట్టిన దారులూ, టీటీవైఎస్0 (సీరియల్ పోర్టు), ఈటీహెచ్0 (నెట్‌వర్క్ కార్డు) వంటి పేర్లూ కూడా.

మీ ఉత్తరంలోని వివరాలను బట్టి మీకు పాత హార్డ్‌వేర్ అక్కర్లేదు, పాత కెర్నల్ కూడా బహుశా అక్కర్లేదు. కాబట్టి మూడు దారులు నిజంగానే తెరిచి ఉన్నాయి, నాలుగోది మీకు తగదు. ఒక్కోదాని ఫలితం చెప్తాను.

అన్నింటికంటే తేలికైంది పాత లైబ్రరీలను ఒక ప్రత్యేక ఫోల్డరులో పెట్టి, ప్రోగ్రాంను కొత్త ఓఎస్ మీదే నడపడం. ఈ దారి పడితే ఆల్మాలైనక్స్ 9 కాకుండా 8 తీసుకోండి. 8లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0 కోసం కంపాట్ ప్యాకేజీ (పాత ప్రోగ్రాముల కోసం పాత వెర్షన్ ఇచ్చేది) అధికారికంగానే ఉంది, దాన్నుంచి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10 వస్తుంది. 9లో ఉన్న కంపాట్ ప్యాకేజీ 1.1కు మాత్రమే. 8కి 2029 దాకా భద్రతా సవరణలు వస్తాయి. 10వ వెర్షన్ వైపు మాత్రం చూడకండి, రెడ్‌హ్యాట్ ఆ వెర్షన్‌తో 32-బిట్ ప్యాకేజీలను తీసేసింది. కంపాట్ దొరకనివి, అంటే లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్.ఎస్‌ఓ.16, జీసీసీ 3.3 కాలం నాటి లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.5 వంటివి, పాత ఇమేజ్‌లోంచి తెచ్చుకోవాలి. 64-బిట్ డైరెక్టరీలోవి కాదు, 32-బిట్ డైరెక్టరీలోవి. లిబ్‌సీ, లిబ్‌పీథ్రెడ్, లిబ్‌ఎం, లిబ్‌డీఎల్, లోడర్, ఈ ఐదూ ఆ ఫోల్డరులోకి రాకూడదు.

ఆ ఫోల్డరును చూపించడానికి అందరూ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ పెడతారు. పరీక్షకు పర్వాలేదు, నిత్యం నడపడానికి మాత్రం మంచిది కాదు. ఆ వేరియబుల్ పిల్ల ప్రాసెస్‌లకు కూడా అంటుకుంటుంది, మీ ప్రోగ్రాం పిలిచే 32-బిట్ ఉపకరణాలు వాటికి సరిపడని పాత లైబ్రరీలను ఎత్తుకుని తడబడతాయి. ప్యాచ్‌ఎల్ఫ్‌తో బైనరీలోనే దారి రాయడం మేలు. అందులోనూ ఫోర్స్-ఆర్‌పాత్ అన్న ఎంపికతో రాయండి. లేకపోతే రన్‌పాత్‌గా నమోదవుతుంది, రన్‌పాత్ ప్రోగ్రాం నేరుగా అడిగే లైబ్రరీలకే పనిచేస్తుంది, ఆ లైబ్రరీలు అడిగే లైబ్రరీలకు పనిచేయదు. బైనరీ అసలు కాపీ దాచుకోండి. లైసెన్సు కోసం తన చెక్‌సమ్ తానే చూసుకునే ప్రోగ్రాములు ప్యాచ్ చేయగానే మొరాయిస్తాయి.

ఈ దారిలో మీకు అసలు చిక్కు డేటాబేసు. మైఎస్‌క్యూఎల్ 5.1 సర్వర్‌ను కొత్త ఓఎస్ మీదకు ఎక్కించడం కష్టం కాబట్టి, డేటాను ఆల్మా 8లోని మారియాడీబీకి (మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన డేటాబేసు) మార్చాల్సి వస్తుంది. 5.1 క్లయింటు దానికి కనెక్ట్ అవుతుంది. కానీ కొత్త సర్వర్లు స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటాయి. పాత సర్వర్ పొడవైన వాక్యాన్ని కత్తిరించి, ఖాళీ అంకెను సున్నా చేసి, ఒక హెచ్చరికతో ఊరుకునేది. కొత్తది తోసిపుచ్చుతుంది. టేబుల్ తయారుచేసేటప్పుడు టైప్=మైఐసామ్ అని రాసే పాత ప్రోగ్రాములైతే అక్కడే ఆగిపోతాయి, ఆ రాత పద్ధతిని మైఎస్‌క్యూఎల్ 5.5లోనే తీసేశారు. ఎస్‌క్యూఎల్_మోడ్ ఖాళీ చేసి మొదటి చిక్కు దాటొచ్చు. రెండోదానికి సోర్స్ లేకుండా మందు లేదు. అంతా పొసిగితే మాత్రం, మీ నెట్‌వర్క్ వాళ్లకు నచ్చేది ఈ దారే. నెట్‌వర్క్ వైపు కనిపించేదంతా సవరణలు అందుకునే ఓఎస్ అవుతుంది.

డాకర్ అన్న సహోద్యోగి తప్పు చెప్పలేదు. సెంటోస్ 6 యూజర్‌ల్యాండ్ మొత్తం, మైఎస్‌క్యూఎల్ 5.1తో సహా, కంటెయినర్‌లో యథాతథంగా ఉంటుంది, కింద కెర్నల్ మాత్రం కొత్తది. మీకు ఎదురయ్యేవి ముందే చెప్తాను. కంటెయినర్ మొదలవగానే 139 కోడ్‌తో చచ్చిపోతే లైబ్రరీల తప్పు కాదు. 2.14కు ముందరి 64-బిట్ జీలిబ్‌సీ, సమయం అడగడానికి వీసిస్‌కాల్ అనే పాత పద్ధతి వాడుతుంది, కొన్ని కొత్త కెర్నళ్లలో దాన్ని మూసేశారు. హోస్ట్ (కంటెయినర్‌ను నడిపే మెషిన్) బూట్ లైనులో వీసిస్‌కాల్=ఎమ్యులేట్ అని చేర్చి రీబూట్ చేస్తే నడుస్తుంది. ఇంకొకటి, మైఎస్‌క్యూఎల్ మొదలవగానే గిగాబైట్ల కొద్దీ మెమరీ మింగేయడం, యమ్ ఆదేశం నిమిషాల తరబడి బిగుసుకుపోవడం. కంటెయినర్‌లో ఓపెన్ ఫైళ్ల పరిమితి వంద కోట్ల పైచిలుకుగా ఉండటమే దానికి కారణం. పాత ప్రోగ్రాములు ఆ పరిమితికి సరిపడా పట్టికలు కట్టుకుంటాయి, లేదా అన్ని డిస్క్రిప్టర్లనూ ఒక్కొక్కటిగా మూస్తూ పోతాయి. నోఫైల్ యూలిమిట్‌ను 4096కు దించండి. మ్యాక్ అడ్రసు, సీరియల్ పోర్టు రెండూ కంటెయినర్‌కు ఇవ్వొచ్చు. డేటాబేసు ఫోల్డరు మాత్రం బయట వాల్యూమ్‌లో ఉండాలి, లేకపోతే కంటెయినర్ తీసేసిన రోజున డేటా కూడా పోతుంది.

అయినా మీ పరిస్థితిలో డాకర్‌ను మొదటి ఎంపికగా చెప్పలేను. పదేళ్లలో ఆ మెషిన్ మీద ఎవరు ఏ క్రాన్ పని (వేళకు దానంతటదే నడిచేది) పెట్టారో, ఏ ఇనిట్ స్క్రిప్టు (బూట్‌లో నడిచేది) దిద్దారో మీకు పూర్తిగా తెలియదు. కంటెయినర్ అంటే అవన్నీ ఒక్కొక్కటిగా తవ్వి తీసి మళ్లీ అమర్చడం. మరచిపోయినదేదో నెలాఖరున తెలుస్తుంది.

నేరుగా కొత్త మెషిన్ మీద సెంటోస్ 6 వేయడం మీకు తగని దారి. 2.6.32 కెర్నల్‌కు ఇప్పటి 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ చిప్పులు తెలియవు. చాలా కొత్త బోర్డుల్లో పాత బయాస్ పద్ధతి తీసేశారు, సెంటోస్ 6కు సెక్యూర్ బూట్ రాదు. వెతికి వెతికి పాత భాగాలతో కట్టినా, మళ్లీ ఒక ముసలి మెషినే చేతిలో ఉంటుంది. పీసీఐ స్లాటులో కూర్చునే కొలత కార్డు ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ ఇది వద్దు.

మీరు ముందుగా కట్టాల్సింది వర్చువల్ మెషిన్ (వీఎం), అంటే మెషిన్ లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే ఇంకో మెషిన్, అని నా అభిప్రాయం. కొత్త హోస్ట్ మీద కేవీఎం (లైనక్స్‌లో వీఎంలు నడిపే సాధనం), దానిలో గెస్ట్‌గా మీ పాత మెషిన్ ఇమేజే. మూడు నెలల గడువులో, పోయిన నమ్మకం తిరిగి తెచ్చుకోవాల్సిన మీకు, తక్కువ ఆశ్చర్యాలు ఉన్న దారి ఇదే. ఫోల్డరు దారిని ఆ తర్వాత తీరిగ్గా పక్కన ప్రయత్నించుకోవచ్చు.

హోస్ట్‌కు పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది కోర్లు, 32 జీబీ ఈసీసీ మెమరీ, ఒకే కొలత ఎస్‌ఎస్‌డీలు రెండు, రెండు నెట్‌వర్క్ పోర్టులు, ఒక పీసీఐఈ సీరియల్ కార్డు, ఒక యూపీఎస్. రెండు ఎస్‌ఎస్‌డీలను ఎండీఆడ్మ్‌తో రెయిడ్ 1 చేయండి, అంటే రెండిట్లోనూ అద్దంలా అదే డేటా ఉంటుంది. బోర్డు బయాస్‌లో కనిపించే రెయిడ్ వద్దు, బోర్డు పోతే డిస్కులను ఇంకో బోర్డు గుర్తుపట్టకపోవచ్చు. అద్దం బ్యాకప్ కాదు కాబట్టి బయట ఇంకో డిస్కు ఉండాలి. పాత పెట్టె ఏదైనా హోస్ట్‌గా వాడదామనుకుంటే గుర్తుంచుకోండి, ఆల్మాలైనక్స్ 9 మామూలు బిల్డ్ ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్ అడుగుతుంది, కోర్ 2 తరం వాటి మీద ఎక్కదు.

గెస్ట్‌కు రెండు కోర్లు, 4 జీబీ మెమరీ చాలు. ఎక్కువ కోర్లిస్తే మేలు జరగదు, ఒకటి రెండు కోర్ల కాలంలో రాసిన ప్రోగ్రాములో దాగి ఉన్న థ్రెడ్ పొరపాట్లు పదహారు కోర్ల మీద బయటపడతాయి. మెషిన్ రకం ఐ440ఎఫ్‌ఎక్స్, ఫర్మ్‌వేర్ పాత బయాస్. క్యూ35 ఎంచుకుంటే ఒక చిక్కుంది. అందులో వర్టియో పరికరాలు (వీఎంల కోసం చేసిన వేగమైన డిస్కు, నెట్‌వర్క్ కార్డు) కొత్త పద్ధతిలో మాత్రమే కనిపిస్తాయి, పాత కెర్నల్‌కు డిస్కే కనపడదు. క్యూ35 తప్పనిసరైతే వర్టియో-ట్రాన్సిషనల్ అన్న మోడల్ పెట్టాలి.

మొదటి బూట్‌లో డిస్కును ఐడీఈగా, నెట్‌వర్క్ కార్డును ఈ1000గా ఇవ్వండి. నేరుగా వర్టియో ఇస్తే రూట్ ఫైల్‌సిస్టం దొరక్క కెర్నల్ ప్యానిక్ రావచ్చు, పాత మెషిన్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో ఎక్కే చిన్న ఫైల్‌సిస్టం) ఆ డ్రైవర్ ఉండకపోవచ్చు. లోపలికి వెళ్లాక డ్రాకట్‌తో వర్టియో డ్రైవర్లు చేర్చి మళ్లీ కట్టి, అప్పుడు మార్చుకోవచ్చు. మార్చకపోయినా మీ పనికి ఈ1000, ఐడీఈ వేగం సరిపోతుంది, నేనైతే కదపను.

మ్యాక్ అడ్రసు దగ్గర జాగ్రత్త. గెస్ట్‌కు పాత కార్డు మ్యాక్ అడ్రసే ఇస్తే కార్డు ఈటీహెచ్0గానే వస్తుంది, లైసెన్సు చూసేది దాన్నే. పొరపాటున ఒక్కసారి వేరే మ్యాక్‌తో బూట్ చేశారా, సెంటోస్ 6 యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే భాగం) దాన్ని ఈటీహెచ్1గా రాసేసుకుంటుంది. యూడెవ్ రూల్స్‌లోని 70-పర్సిస్టెంట్-నెట్ ఫైలులో ఆ కొత్త వరుస తీసేస్తే సర్దుకుంటుంది. ఒకే మ్యాక్‌తో రెండు మెషిన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు, కాబట్టి వీఎంను ఎప్పుడైనా అదే నెట్‌వర్క్‌కు తగిలించాల్సి వస్తే పాతదాని కేబుల్ ముందే తీసేసి ఉండాలి. మీ లైసెన్సు పత్రం కూడా ఒకసారి చదవండి. ఒక్క చోటే నడపాలని ఉంటే పాతది ఆపాకే కొత్తది నడపండి. వర్చువల్ మెషిన్ల ప్రస్తావన ఉంటే దాన్ని యాజమాన్యానికి రాతపూర్వకంగా చూపించండి.

సీరియల్ పరికరానికి యూఎస్‌బీ అడాప్టర్ కంటే హోస్ట్ సీరియల్ కార్డు నయం. హోస్ట్ పోర్టును గెస్ట్ మొదటి సీరియల్ పోర్టుగా ఇస్తే లోపల టీటీవైఎస్0గానే కనిపిస్తుంది. యూఎస్‌బీ అయితే టీటీవైయూఎస్‌బీ0 అవుతుంది, ప్రోగ్రాంలో టీటీవైఎస్0 అని గట్టిగా రాసి ఉంటే దొరకదు. గెస్ట్ కన్సోల్‌ను టీటీవైఎస్1 మీద పెట్టుకోండి. ఆ కన్సోల్ అవసరం పడుతుంది. ఆల్మాలైనక్స్ 9 భద్రతా విధానం షా-1 సంతకాలను ఒప్పుకోదు కాబట్టి, హోస్ట్ నుంచి సెంటోస్ 6కు ఎస్‌ఎస్‌హెచ్ కలవకపోవచ్చు. దానికోసం హోస్ట్ మొత్తం భద్రతను దించేయకండి, కన్సోల్‌తోనే వెళ్లండి.

గెస్ట్ డేటాకు ఇంకో డిస్కు చేర్చాల్సి వస్తే దాన్ని గెస్ట్ లోపలే ఫార్మాట్ చేయండి. కొత్త ఓఎస్ చేసిన ఈఎక్స్‌టీ4లో పాత కెర్నల్‌కు తెలియని లక్షణాలు ఉంటాయి, మౌంట్ కాదు. ఫోల్డరు దారి ప్రయత్నించే రోజున దీనికి ఎదురు చిక్కు వస్తుంది. పెద్ద ఎక్స్‌ఎఫ్‌ఎస్ డిస్కు మీద ఐనోడ్ అంకెలు (ఫైళ్లకు డిస్కు ఇచ్చే సంఖ్యలు) 32 బిట్లు దాటితే, పాత 32-బిట్ ప్రోగ్రాం విలువ మరీ పెద్దదంటూ ఫైలు తెరవడానికే నిరాకరిస్తుంది. ఒక టెరాబైట్ లోపు వాల్యూమ్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ వాడితే ఆ బాధ లేదు.

ఇక నెట్‌వర్క్ వాళ్ల సంగతి. వాళ్లు అంటున్నదాంట్లో న్యాయం ఉంది. సెంటోస్ 6కు సవరణలు 2020 నవంబర్ 30తో ఆగిపోయాయి. వాళ్లతో వాదనకు దిగకుండా, ఆ గెస్ట్ నెట్‌వర్క్‌లోకి రాదని చూపించండి. గెస్ట్‌ను హోస్ట్‌తో మాత్రమే మాట్లాడే లోపలి బ్రిడ్జి మీద ఉంచండి. డీఫాల్ట్ గేట్‌వే ఇవ్వకండి, బయటి డీఎన్‌ఎస్ ఇవ్వకండి. సమయం హోస్ట్ క్రోనీ (గడియారం సరిచూసే సేవ) నుంచి తీసుకుంటుంది. వాడేవాళ్ల బ్రౌజర్లు హోస్ట్ మీది ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ దగ్గరే ఆగుతాయి. టీఎల్‌ఎస్ 1.3, సర్టిఫికెట్, లాగిన్ తనిఖీ అన్నీ అక్కడే. వెనక గెస్ట్‌కు వెళ్లేది ఒక్క పోర్టు. రిపోర్టు ఫైళ్లు గెస్ట్ బయటికి తోయకూడదు, హోస్టే లోపలికి వెళ్లి తెచ్చుకోవాలి. ఈ బొమ్మ ఒక కాగితం మీద గీసి, తెరిచి ఉన్న పోర్టులు పక్కన రాసి ఇవ్వండి. పాత ఓఎస్ అన్న మాట వింటే వద్దనేవాళ్లు కూడా, ఒక్క పోర్టు అంటే కూర్చుని మాట్లాడతారు.

మీ చేతిలో ఉన్న పదమూడు వారాల్లో కట్టడానికి మూడు వారాలు చాలు. మిగతాది పోల్చి చూడటానికి ఉంచుకోండి. పాత శాంపిళ్లలో ఒక ఇరవై ఎంచుకోండి, అన్ని రకాల పరీక్షలూ, హద్దుల దగ్గరి విలువలూ ఉండేలా. వాటినే వీఎంలో మళ్లీ నడిపి, రిపోర్టుల్లోని అక్షరాలను పాతవాటితో డిఫ్ చేసి తేడాలు చూడండి. వీఎంలో అవే బైనరీలు, అదే లిబ్‌ఎం కాబట్టి ప్రతి అంకె కలవాలి. కలవకపోతే సమయం, లొకేల్ (భాష, అంకెల తీరు), డేటాబేసు, ఈ వరుసలో వెతకండి. ఫోల్డరు దారిలో మాత్రం చివరి దశాంశం మారే అవకాశం ఉంది, గణిత లైబ్రరీ మారుతుంది కదా. ఎప్పుడైనా సోర్స్ దొరికి 64-బిట్‌కు మళ్లీ కడితే ఇంకా జాగ్రత్త. పాత 32-బిట్ లెక్కలు సాధారణంగా ఎక్స్87 రిజిస్టర్లలో 80 బిట్ల వెడల్పున జరుగుతాయి, 64-బిట్‌లో డబుల్ అంటే 64 బిట్లే. పాస్, ఫెయిల్ గీత మీద ఉన్న శాంపిల్‌కు ఆ తేడా చాలు. అది ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ నాణ్యత విభాగం నిర్ణయించాలి, మీరు కాదు.

ఈ వీఎం ఎన్నాళ్లుండాలన్నది యాజమాన్యం మిమ్మల్ని అడుగుతుంది. బయటి గడువు ఒకటి ఖాయంగా ఉంది. 32-బిట్ సమయ లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది. ఐదేళ్లో పదేళ్లో తర్వాతి తేదీలు వేసే ప్రోగ్రాం అయితే ఆ బాధ ఇంకా ముందే వస్తుంది. వీఎం కాపీ ఒకదాన్ని నెట్‌వర్క్ లేకుండా రాబోయే తేదీకి తిప్పి, గడువు తేదీలు వేసే రిపోర్టులు తీసి చూడండి. తేదీలు ఎక్కడ 1901కి వెనక్కి దూకుతున్నాయో కనిపిస్తుంది. కొత్త ప్రోగ్రాం కొనాలా, డేటాను బయటికి తీసుకోవాలా అన్న చర్చ ఆ కాగితం పట్టుకుని మొదలుపెట్టొచ్చు.

సెంటోస్ 6.10 ఐఎస్‌ఓ, సెంటోస్ పాత వెర్షన్లు దాచే వాల్ట్ సైటులో ఇంకా దొరుకుతున్న ప్యాకేజీల్లో మీకు కావలసినవి, వీఎం ఎక్స్‌ఎంఎల్ (దాని అమరికల ఫైలు), లైసెన్సు ఫైలు, డిస్కు ఇమేజ్, అన్నిటి చెక్‌సమ్‌లు రెండు చోట్ల పెట్టండి. ఎవరికీ చెప్పకుండా ఒక సెలవురోజు, ఇంకో మామూలు మెషిన్ మీద కేవలం ఆ బ్యాకప్‌తో వీఎంను నిలబెట్టి చూడండి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అది అయ్యాక పాత మెషిన్ ఆపేయొచ్చు. దాని డిస్కు మాత్రం చెరపకండి. తేదీ రాసిన చీటీ అంటించి ఒక ఏడాది బీరువాలో ఉంచండి, కనీసం ఒక సంవత్సరాంతపు రిపోర్టు కొత్తదాని మీద తీసేదాకా.